పేరాదెణియ తోటకు వెళ్ళేముందు

చిరంజీవి బుజ్జికి,

శ్రీలంకలోని క్యాండీలో ఉండేది ఒక్కరోజే అన్నావు కాబట్టి ముందే చెబుతున్నాను. పేరాదెణియ వృక్షోద్యానం 147 ఎకరాలు. ఒక్కపూటలో అంతా చూసేద్దామనుకుంటే కాళ్ళనొప్పులే మిగులుతాయి. ఐదారు చెట్లు ఎంచుకుని ఒక్కోదాని దగ్గర తీరిగ్గా నిలబడు.

తోట తెరిచే వేళకే గేటు దగ్గరుండు. క్యాండీ నుంచి ఐదారు కిలోమీటర్లే. కొండప్రాంతమని ఊటీ చలి ఊహించుకోకు. అక్కడి ఎత్తు సుమారు 460 మీటర్లే, గాలిలో తేమ ఎక్కువ, పది దాటితే చెమటలు కారతాయి. అక్టోబరు, నవంబరుల్లో మధ్యాహ్నం ఉరుములతో వాన పడుతుంది. జనవరి నుంచి మార్చి దాకా కాస్త నయం.

లోపలికి వెళ్ళగానే ఆర్కిడ్ల ఇంట్లో ఆగిపోవద్దు. దానికి కప్పుంది, ఎండ ముదిరాకో వాన వచ్చినప్పుడో చూడొచ్చు. ముందు నది వైపు నడువు. మహావలి గంగ తోటను మూడు వైపులా చుట్టి పారుతుంది. రాయల్ పామ్ చెట్ల బాటలో నీడ ఉండదు, అందుకే అది పొద్దున్నే. రాక్షస వెదురు పొదల దగ్గర నేలలోంచి తోసుకొచ్చే కొత్త పిలకలు వెతుకు. అదునులో అవి రోజుకు అడుగు దాకా పెరుగుతాయి.

తిరిగొస్తూ పచ్చిక మైదానంలోని జావా ఫిగ్ చూడు. మన మర్రి జాతిదే. పక్కలకు పాకిన కొమ్మల విస్తారం చుట్టూ నడిస్తేనే తెలుస్తుంది. వేళ్ళ మీద మాత్రం ఎక్కొద్దు, బెరడు ఒరుసుకుపోతే చెట్టుకు తెగులు పడుతుంది.

నాగమల్లి చెట్టు తప్పకుండా చూడాలి. తర్వాత ఐదో జార్జి చక్రవర్తి అయిన యువరాజు 1901లో నాటినదొకటి అక్కడుంది. పూలు మానుకే పూస్తాయి, కళ్ళెత్తు దగ్గర వాసన చూడొచ్చు. కాయలు ఫిరంగి గుండ్లంత ఉంటాయి, హఠాత్తుగా రాలతాయి. దాని కింద కూర్చోవద్దు, పిల్లల్ని అసలే కూర్చోబెట్టొద్దు. పెద్ద గబ్బిలాలు వేలాడే చెట్ల కింద కూడా అంతే, రెట్ట మీద పడుతుంది. వాటిని లేపడానికి కొందరు చప్పట్లు కొడతారు. ఆ పని చెయ్యకు, పగలు వాటికి నిద్రవేళ.

తాటి కుటుంబానికి చెందిన శ్రీతాళం చెట్టు కనిపిస్తే ఆగు. మన పాత తాళపత్ర గ్రంథాలు చాలావరకు ఈ ఆకుల మీదా, తాటాకుల మీదా రాసినవే. శ్రీతాళం బతుకులో ఒక్కసారే పూస్తుంది, కాయలు పండాక చనిపోతుంది. సుగంధ ద్రవ్యాల తోటలో జాజికాయ పండు పగిలి ఉంటే లోపల ఎర్రగా జాపత్రి కనబడుతుంది. ఏదీ కోయకు. పేరు పలక ఫొటో ముందు, చెట్టు ఫొటో తర్వాత తీసుకో. లేదంటే ఇంటికొచ్చాక ఏది ఏదో తెలియదు.

జారని అరికాలున్న బూట్లు, గొడుగు, మనిషికో లీటరు నీళ్ళు ఉండాలి. తినుబండారాల సంచి మూసే ఉంచు, కోతులు లాక్కుంటాయి. విదేశీయులకు టికెట్ ధర వేరు, శ్రీలంక రూపాయలు చేతిలో ఉంచుకో.

ఆశీస్సులతో,
పెదనాన్న