ఫాదర్‌తో చెప్పిస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది క్యాథలిక్ కుటుంబం. విజయవాడ ఆంధ్ర లొయోలా కాలేజీలో బీఎస్సీ అయిపోయి ఏడాది కావస్తోంది. ఫాదర్‌తో ఒక మాట చెప్పిస్తే మిషన్ స్కూల్లో టీచరు ఉద్యోగం ఖాయమని నాన్న. బెంగళూరు వచ్చెయ్ అని అన్నయ్య. నాకేమో ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: బాబూ, ఫాదర్ మాటతో స్కూలు గేటు దాటొచ్చేమో గానీ, బీఈడీ లేకపోతే లోపల కూర్చున్న సిస్టర్ మాత్రం ఏం చేస్తుంది? ముందు ఎడ్‌సెట్, తర్వాత రెండేళ్ల బీఈడీ, ఆపైన టెట్. పాఠం చెప్పడం ఇష్టమైతే ఇదే దారి, రేపు డీఎస్సీకీ పనికొస్తుంది. ఇష్టం లేకుండా, ఊరికే దొరుకుతోంది కదా అని మాత్రం వెళ్లకు, పిల్లలకూ నష్టమే.

ఇంతకీ లొయోలాలో చదివితే చర్చి ఉద్యోగాలే చేయాలని ఎవరు చెప్పారు? నీ క్లాసులో క్యాథలిక్కులు ఎంతమందో ఒకసారి గుర్తుచేసుకో. మన పులివెందుల వైఎస్ రాజశేఖరరెడ్డి గారు ఆ కాలేజీలో చదివి, తర్వాత గుల్బర్గాలో ఎంబీబీఎస్ చేసి, జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో కొన్నాళ్లు డాక్టరుగా పనిచేశాకే రాజకీయాల్లోకి వెళ్లారు. (అది ప్రొటెస్టెంట్ల ఆసుపత్రి, అదీ గమనించు.) మేనేజ్‌మెంట్ మీద మనసుంటే జంషెడ్‌పూర్ ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ అనే మేనేజ్‌మెంట్ కాలేజీ కూడా మీ లొయోలా నడిపే జెస్యూట్లదే (క్యాథలిక్ ఫాదర్ల సంఘం), 1949 నాటిది, కానీ అక్కడ సీటుకు ఎవరి ఉత్తరమూ చెల్లదు, క్యాట్ లాంటి ఎక్స్‌ఏటీ అనే ప్రవేశ పరీక్ష రాయాల్సిందే, ఏ డిగ్రీ ఉన్నా సరే. పల్లెల్లో తిరిగే పని నచ్చితే ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ ఉంది. పల్లెల్లో పేదల కోసం పనిచేసే అనంతపురం ఆర్డీటీ సంస్థను 1969లో మొదలుపెట్టిన విన్సెంట్ ఫెర్రర్ కూడా ఒకప్పుడు జెస్యూటే.

నువ్వు రాయలేదు గానీ ఇంకో మాట. మీది ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చిన కుటుంబమైతే, మన రాష్ట్రంలో మీరు బీసీ-సీ కిందికి వస్తారు, దానికి ఒక శాతం రిజర్వేషన్. చాలామంది గ్రూప్స్ నోటిఫికేషన్ వచ్చాక సర్టిఫికెట్ కోసం పరిగెత్తుతారు. నువ్వు ఇప్పుడే తహసీల్దారు ఆఫీసులో అప్లై చెయ్.

బెంగళూరంటావా, వెళ్లొచ్చు. అయితే చేతిలో ఏమీ లేకుండా అన్నయ్య గదిలో కూర్చుంటే ప్రొద్దుటూరులో కూర్చున్నట్టే. లొయోలా పూర్వ విద్యార్థులు ఆ ఊళ్లో ఎవరున్నారో మీ లెక్చరర్లను అడుగు, నీ డిపార్టుమెంటు వాళ్లు ఇద్దరు ముగ్గురు దొరికితే చాలు. ఉద్యోగం ఇప్పించమని మాత్రం అడగకు, ఏం నేర్చుకుని ఆ ఉద్యోగంలో చేరారో అడుగు. బస్సు టికెట్ సంగతి ఆ తర్వాత.