లంగరు తాడు తెంచాడా, కోశాడా?

సందేహం: మా బడి గోడపత్రికకు ‘ట్రెజర్ ఐలండ్’ రచయిత స్టీవెన్‌సన్ జీవితం గురించి వ్యాసం రాశాను. అందులో, ఆ నవలలోని కుర్రాడి గురించి, ‘జిమ్ చాకుతో ఓడ లంగరు తాడును ఒక్కొక్క పోగూ తెంచాడు’ అన్నాను. తోటి మాస్టారు ‘కోశాడు’ అనాలంటున్నారు. ఏది ఒప్పు? రచయిత ‘జన్మించారు’ అని మొదలుపెట్టి, తర్వాత ‘రాశాడు’ అనవచ్చా?
– ఒక ఉపాధ్యాయిని, అమలాపురం

సమాధానం: మాస్టారు చెప్పిందే ఒప్పు. తెంచడానికి లాగే బలం కావాలి, కోయడానికి పదును కావాలి. దూడ పలుపు తెంచుకుంటుంది, దొంగ మెడలో గొలుసు తెంచుకుపోతాడు. చాకు పట్టినవాడు కోస్తాడు. పూలూ వంకాయలూ చేత్తోనే కోస్తాం కదా అంటారేమో. అక్కడ కోయడమంటే కాపును చెట్టు నుంచి వేరు చేయడం. అందులోనూ మీ సీమలో కొబ్బరికి ‘దింపు’ అనే వేరే మాట ఉంది. తెంచినా కోసినా తాడు ‘తెగుతుంది’. ఈ రెండు క్రియలూ కలగాపులగం కావడానికి కారణం ఇదే.

ఈ ఘట్టంలో మాట మారితే అర్థమే మారిపోతుంది. రాత్రివేళ, సముద్రం తీసే పాటు నీరు ‘హిస్పానియోలా’ ఓడను ఈడుస్తోంది. లంగరు తాడు బిర్రబిగుసుకుంది. అలా బిగిసిన తాడును ఒక్కసారిగా కోస్తే, ఆ విసురుకు మేకతోలు కప్పిన చిన్న పడవతో సహా జిమ్ ఎగిరిపడతాడు. అందుకే గాలి మళ్లి తాడు వదులయ్యేదాకా ఆగాడు. చాకు పళ్లతో తెరిచి, తాడులోని ఒక్కో పేటా (పాయా) కోస్తూ రెండు మిగిల్చాడు. మళ్లీ గాలి వీచి తాడు సడలాక ఆ రెండూ కోశాడు. అతని ఒడుపంతా ఈ ఆగి ఆగి కోయడంలోనే ఉంది. మిగిలిన రెండు పేటలూ ఓడ బరువుకే తెగి ఉంటే, అప్పుడు ‘ఓడ తాడు తెంచుకుంది’ అని నిక్షేపంగా రాయవచ్చు.

‘పోగు’ కూడా మార్చండి. పోగంటే సన్నని దారం. పీచుకు పురిపెడితే పేట అవుతుంది, పేటలను కలిపి ఎదురుపురితో పేనితే తాడవుతుంది. కోనసీమలో కొబ్బరితాడు చూడని పిల్లలుండరు కాబట్టి ‘పేట’ అని ధైర్యంగా రాయండి. సముద్రం తీసే వేళకు ‘పాటు’ అనండి, ‘పోటు తగ్గింది’ అని చుట్టు తిరగనక్కర్లేదు.

ఇక రెండో ప్రశ్న. ‘జన్మించారు’, ‘రాశాడు’ ఒకే వ్యాసంలో పొసగవు. గతించిన కవులను, చరిత్రపురుషులను ఏకవచనంలో చెప్పడం తెలుగులో అగౌరవం కాదు. నన్నయ రచించాడు, పోతన రాశాడు అనే అంటాం. కాబట్టి ‘స్టీవెన్‌సన్ 1850లో ఎడింబరోలో జన్మించాడు, 1894లో సమోవాలో మరణించాడు’ అంటే చక్కగా ఉంటుంది. బడిపిల్లలకు మన్నన నేర్పాలనుకుంటే చివరిదాకా ‘ఆరు’ వాడండి, అదీ తప్పు కాదు. జిమ్ కుర్రాడు కనుక అతనికి ఎలాగూ ‘ఆడు’ చాలు. అతను డాక్టర్ లివ్సీని పిలిచేటప్పుడు మాత్రం ‘డాక్టరుగారూ’ అనిపించండి.

వ్యాసంలో స్టీవెన్‌సన్ తండ్రి వృత్తి చెప్పేటప్పుడు ‘దీపగృహ నిర్మాత’ వంటి మాటలు కూర్చకండి. తండ్రి థామస్, తాత రాబర్ట్ ఇద్దరూ లైట్‌హౌస్‌లు కట్టిన ఇంజినీర్లు. అంతర్వేదిలో లైట్‌హౌస్ చూసిన పిల్లలకు ఆ మాట విడమరచి చెప్పే పనే లేదు.

తేదీల దగ్గర క్రియ చూసుకోండి. 1881లో స్కాట్లండులోని బ్రేమార్‌లో, సవతి కొడుకు లాయిడ్‌తో ఆడుకుంటూ దీవి పటం గీసి, ఆయన ఈ కథ ‘మొదలుపెట్టాడు’. ఆ అక్టోబరు నుంచి 1882 జనవరి దాకా అది కెప్టెన్ జార్జ్ నార్త్ అనే కలంపేరుతో ‘యంగ్ ఫోక్స్’ పత్రికలో ధారావాహికగా ‘వచ్చింది’. పుస్తకంగా ‘వెలువడింది’ 1883లో. ‘1881లో ప్రచురించాడు’ అంటే ఈ మూడూ ఒకటైపోతాయి.