ఒక్క రీల్ చూద్దామని కూర్చుంటే...

ప్రశ్న: ఆమదాలవలసలో ఇంటి దగ్గరే జాకెట్లు కుడతానండి. బాబిన్‌లో దారం అయిపోతే మిషన్ ఆపుతాను కదా, అప్పుడు ఒక్క రీల్ చూద్దామని ఫోన్ తీస్తే గంట పోతోంది. అసలే పెళ్లిళ్ల సీజన్, పైగా మావారి సతాయింపు. నాకు నిగ్రహం లేదంటారా?

జవాబు: అననమ్మా. మీ వేలు ఆగకుండా ఉండేలాగే దాన్ని తయారుచేశారు. పేజీ అయిపోకుండా కిందికి వస్తూనే ఉండే పద్ధతిని 2006లో ఆజా రాస్కిన్ అనే ఆయన రూపొందించాడు, తర్వాత దానికి తనే బాధపడ్డాడు కూడా. పేజీకి చివరంటూ ఉంటే 'ఇక చాలు' అనుకోవడానికి సందు దొరికేది, అది కాస్తా పోయింది. ఇంకోటి, ప్రతి రీలూ బాగుంటే త్వరగానే మొహం మొత్తేది. నాలుగు చెత్తవి వచ్చాక ఒకటి భలేగా తగులుతుంది, అదెప్పుడో తెలియదు కాబట్టే వదలబుద్ధి కాదు. స్కిన్నర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ప్రయోగాల్లో, ఎన్నిసార్లు పొడిస్తే గింజ పడుతుందో తెలియనప్పుడు పావురాలు బిళ్లను పొడుస్తూనే ఉండేవి, పాపం.

మీకు అసలు చిక్కు ఆ బాబిన్ దగ్గరే ఉంది. రాత్రే నాలుగైదు చుట్టి పెట్టుకోండి, మధ్యలో ఆగే పని ఉండదు. రింగ్ పెంచి ఫోన్ పక్క గదిలో పెట్టండి, గిరాకీ ఫోన్లు వినిపిస్తే చాలు. వాట్సాప్‌లో వచ్చే మెడ డిజైన్లు పొద్దున్నే ఒకసారి చూసి పుస్తకంలో గీసుకోండి. మొదట్లో చెయ్యి ఫోన్ వైపు లాగుతుంది, లాగనివ్వండి. మీవారు మళ్లీ సతాయిస్తే, ఆయన క్రికెట్ చూసే ఫోన్ కూడా ఆ గదిలోనే పెట్టమనండి!