నీలి తాడు తీసేముందు ఇంట్లో చెప్పవలసిన మాట

టెక్సస్‌లో పుట్టి పెరిగిన 28 ఏళ్ల తెలుగు యువకుడు రాసిన ఉత్తరం సారాంశం ఇది. ఆయన ఆరేళ్ల ఒప్పందంతో టెక్సస్ ఆర్మీ నేషనల్ గార్డ్‌లో (మామూలు ఉద్యోగాలు చేసుకుంటూనే కొన్ని రోజులు సైనికులుగా పనిచేసే రాష్ట్ర దళం) పదాతిదళ సైనికుడిగా చేరారు, నాలుగేళ్లు పూర్తయ్యాయి. మిగతా రోజుల్లో ఒక కంపెనీలో ఐటీ సపోర్టు ఉద్యోగం చేస్తారు. భార్య పెళ్లి తరువాత విజయవాడ నుంచి వచ్చారు, 14 నెలల పాప ఉంది. గార్డ్‌లోనే ఉన్న మిలిటరీ పోలీస్ (సైన్యంలోని పోలీసు విభాగం) కంపెనీకి మారాలని ఆయన అనుకుంటున్నారు. మారితే ఇంటిపట్టున ఎక్కువగా ఉంటానని భార్యకు చెప్పారు. తండ్రి మాత్రం "పటాలం వదిలి పోలీసుల్లోకా?" అని, అప్పటినుంచి సరిగా మాట్లాడటం లేదు. స్క్వాడ్‌లో, అంటే ఆయన పనిచేసే చిన్న సైనిక జట్టులో, ఎవరికీ ఇంకా తెలియదు. "నా వాళ్లకు ద్రోహం చేస్తున్నానా?" అన్నది ఆయన ప్రశ్న.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ద్రోహం గురించి మీరు ఒక పేజీ రాశారు గాని, నన్ను ఆపింది చివర్లో ఒక్క వరుసలో రాసిన మాట: ఎప్పటికైనా కౌంటీ షెరీఫ్ ఆఫీసులో డిప్యూటీగా, అంటే స్థానిక పోలీసుగా, చేరాలని ఉందనీ, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదనీ. ఈ బదిలీకి అసలు కారణం అదేనని నాకు అనిపిస్తోంది. అది తప్పు కోరిక కాదు. అయితే మీ భార్యకు మీరు చెప్పిన కారణం వేరు. పైగా ఆ కారణం నిలబడేది కాదు.

ఎందుకు నిలబడదో చెబుతాను. గార్డ్‌లో పదాతిదళమైనా మిలిటరీ పోలీసైనా నెలకు ఒక వారాంతం డ్రిల్, ఏడాదికి రెండు వారాల శిక్షణ అన్న లెక్క ఒక్కటే. పైగా పదాతిదళ శిక్షణ కేంద్రమైన ఫోర్ట్ బెన్నింగ్‌లో మీరు పొందిన 22 వారాల శిక్షణ మిమ్మల్ని మిలిటరీ పోలీసును చేయదు కాబట్టి, కొత్తగా చేరేవారిలా మిలిటరీ పోలీసు శిక్షణ కేంద్రమైన ఫోర్ట్ లెనర్డ్ వుడ్‌లో మొత్తం కోర్సు మళ్లీ చేయనవసరం లేకపోయినా, రీక్లాస్ (ఒక పని నుంచి మరో పనికి మారేవారి) కోర్సు కోసం కొన్ని వారాలు ఇల్లు వదిలి వెళ్లక తప్పదు. ఇక పిలుపుల సంగతి చూడండి. 2017 ఆగస్టులో హార్వే తుఫాను వచ్చినప్పుడు గవర్నర్ టెక్సస్ గార్డ్ మొత్తాన్ని, సుమారు 12,000 మందిని, రంగంలోకి దింపారు. 2021 మార్చి నుంచి సరిహద్దు విధుల కోసం గార్డ్ సైనికులను పిలిపించారు. ఎవరి భుజం మీద ఏ గుర్తు ఉందన్నది అక్కడ పెద్దగా లెక్కలోకి రాలేదు. విదేశాల్లో స్థావరాల రక్షణ, ఖైదీల కాపలా, వాహనశ్రేణులకు దారి చూపడం వంటి పనులకు మిలిటరీ పోలీస్ కంపెనీల అవసరం ఎప్పుడూ ఉంటుంది. కనుక "ఇంటిపట్టున ఉంటాను" అన్నది మీ చేతుల్లో లేని మాట. ఆ మాట నమ్మి మీ భార్య ఊరట పడి ఉంటే, మొదటి పిలుపు వచ్చిన రోజున ఆమెకు కోపం వచ్చేది సైన్యం మీద కాదు, మీ మీద.

ఆమె వైపు నుంచి ఒక్కసారి ఆలోచించండి. విజయవాడలో బిడ్డకు జ్వరమొస్తే పక్క వీధిలోని అమ్మో పిన్నో పది నిమిషాల్లో వచ్చి కూర్చునేవారు. ఇక్కడ డ్రిల్ శనివారం మీరు తెల్లవారకముందే బయలుదేరితే ఆదివారం సాయంత్రం దాకా ఆమె, పాప, నాలుగు గోడలు. మిలిటరీ అనగానే ఆమెకు తెలిసింది సెలవు మీద ఊరికి వచ్చే జవాన్లే. వారాంతపు సైనికుడంటే ఏమిటో, గవర్నర్ పిలుపుకు, కేంద్రం పిలుపుకు తేడా ఏమిటో ఆమెకు ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా? మీరే చెప్పాలి. షెరీఫ్ ఆఫీసు మాట కూడా ఆ రోజే చెప్పాలి, ఎందుకంటే అది ఆమె సంసారం మీద ఈ బదిలీ కంటే చాలా పెద్ద ప్రభావం చూపే నిర్ణయం: రాత్రి షిఫ్టులు, జీతంలో తేడా, నడుమున తుపాకి పెట్టుకుని ఇంటికి వచ్చే భర్త. చెప్పేటప్పుడు మరో నిజం దాచవద్దు. మిలిటరీ పోలీసుగా పనిచేసినంత మాత్రాన టెక్సస్‌లో పోలీసు లైసెన్సు దానంతటది రాదు. ఆ రాష్ట్రం అడిగే శిక్షణ, పరీక్ష ఉండనే ఉంటాయి. అనుభవం మాత్రం దరఖాస్తుకు కొంత బలమిస్తుంది.

స్క్వాడ్ విషయానికొస్తే, ఒకే సైన్యంలో ఒక పని నుంచి మరో పనికి వెళ్లడాన్ని నేను ద్రోహం అనను. కాని వాళ్లకు ఆ సంగతి ఎలా తెలుస్తుందన్నది ముఖ్యం. బదిలీ ఫారం మీ యూనిట్ కాగితాలు చూసే రెడీనెస్ సార్జెంట్ బల్ల మీదికి చేరకముందే మీ స్క్వాడ్ లీడర్‌ను విడిగా కలిసి చెప్పండి. నాలుగేళ్లు ఒకే గుడారంలో పడుకున్న మనిషికి ఈ కబురు కాగితం ద్వారా అందకూడదు. మీ కమాండర్ ఒప్పుకోకపోవచ్చు, లేదా మీ స్థానంలో మరొకరు వచ్చేదాకా ఆగమనవచ్చు. చేరినప్పుడు పదాతిదళం పేరు మీద బోనస్ తీసుకుని ఉంటే, మీ ఇష్టంతో పని మార్చుకున్నందుకు అందులో కొంత తిరిగి కట్టవలసి రావచ్చు. సంతకం పెట్టేముందు ఒప్పందంలోని ఆ పేరా చదివించుకోండి. 14 నెలల బిడ్డ ఉన్న ఇంట్లో అది చిన్న మొత్తం కాదు.

మీ నాన్నగారి మౌనం నాకు అర్థమవుతుంది. ఆయనది తాడేపల్లిగూడెం ప్రాంతమని రాశారు. ఇంటికొక సైనికుడున్న మిలిటరీ మాధవరం కథలు వింటూ పెరిగిన మనిషికి సైనికుడంటే తుపాకి పట్టి నడిచే పదాతి సైనికుడే; పోలీసంటే స్టేషన్. ఫోర్ట్ బెన్నింగ్‌లో శిక్షణ ముగిసినప్పుడు పదాతి సైనికుడి గుర్తైన నీలి తాడును మీ కుడి భుజానికి కట్టింది ఆయనే. మిలిటరీ పోలీస్ కంపెనీలోకి వెళ్తే ఆ తాడు తీసేయాలి. ఆయన పోగొట్టుకుంటున్నది ఆ తాడును, మీ ఉద్యోగాన్ని కాదు. కాబట్టి హోదా గురించి వాదించకుండా, 1941 సెప్టెంబరు 26 నుంచి సైన్యంలో ప్రత్యేక విభాగంగా ఉన్న ఈ దళం ఏం చేస్తుందో చెప్పండి. ఆ తాడు ఆయన దగ్గరే ఉంచమని అడగండి.

ఒక్క హెచ్చరిక మాత్రం చేయక తప్పదు. ఈ పనిలో ఖైదీల కాపలా ఉంటుంది. 2003లో ఇరాక్‌లోని అబూ గ్రైబ్ జైలులో ఖైదీలను హింసించినందుకు శిక్షపడినవారిలో పలువురు ఒక రిజర్వ్ మిలిటరీ పోలీస్ కంపెనీ సైనికులు. వాళ్లూ మీలాగే మిగతా రోజుల్లో మామూలు ఉద్యోగాలు చేసుకునేవారు. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. నిస్సహాయుడైన మనిషి మీద మీకు పూర్తి అధికారం ఉన్నప్పుడు మీరెలా ప్రవర్తిస్తారన్నదే ఆ పనిలో అసలు పరీక్ష, అది పదాతిదళంలో మీకు ఎదురుకానిది. కోపం వచ్చినప్పుడు ఎలా ఉంటారో మీకంటే మీ భార్యకు బాగా తెలుసు, ఆమెను అడగండి. ఆ కంపెనీ డ్రిల్ జరిగే రోజున అనుమతి తీసుకుని వెళ్లి, అక్కడి సార్జెంట్లు ఏం చేస్తారో ఒక పూట చూసి రండి.

అన్నీ విన్న తరువాత ఆమె ఇప్పుడు వద్దంటే, దాన్ని ఓటమిగా తీసుకోకండి. మీ ఒప్పందంలో ఇంకా రెండేళ్లే మిగిలాయి, అప్పటికి పాపకు మూడేళ్లు దాటుతాయి, పాత బోనస్ లెక్క కూడా తీరిపోతుంది. ఖాళీ ఉంటే, కొత్త ఒప్పందం మీద సంతకం చేసే రోజునే మిలిటరీ పోలీస్ స్థానం అడగవచ్చు.