బ్లైండ్ టెస్టులో నా యాంప్‌ను నేనే గుర్తుపట్టలేకపోయాను

మీరడిగింది రెండు ముక్కల్లో ఇదీ: చూడకుండా వింటే గిటార్ ట్యూబ్ యాంప్‌కీ (గాజు ట్యూబులతో పనిచేసే యాంప్లిఫయర్), అలాంటి శబ్దాన్నే కంప్యూటర్ లెక్కలతో పుట్టించే డిజిటల్ మోడలర్‌కీ తేడా నిజంగా తెలుస్తుందా, తెలియకపోతే ఉన్న యాంప్ అమ్మేసి మోడలర్ కొనుక్కోవచ్చా అని. మొదటిదానికి నా జవాబు: తెలుస్తుంది. కానీ పట్టించేది చాలాసార్లు టోన్ కాదు, ఇంకేదో.

పోయినేడాది వేసవిలో మల్కాజిగిరిలోని మా ఫ్లాట్‌లో రెండు ఆదివారాలు ఇదే పని పెట్టుకున్నాం. నేను, మా బ్యాండ్‌లో బేస్ వాయించే తమ్ముడు, స్టేజి సౌండ్ చూసుకునే మా బావ. నా దగ్గరున్నది సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఫెండర్ బ్లూస్ జూనియర్. 15 వాట్లు, ఒకే 12 అంగుళాల స్పీకరు. దాని ముందు ష్యూర్ ఎస్ఎం57 మైకు పెట్టి, న్యూరల్ యాంప్ మోడలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో క్యాప్చర్, అంటే ఆ యాంప్ శబ్దానికి డిజిటల్ నకలు, తీశాం. వాళ్ళిచ్చే టెస్ట్ సిగ్నల్‌ను యాంప్‌లోకి పంపి, మైకులో వచ్చింది రికార్డు చేసి ఇస్తే చాలు. ఏది లోపలికెళ్తే ఏది బయటికొస్తోందో న్యూరల్ నెట్‌వర్క్ నేర్చేసుకుంటుంది. ఆ ఒక్క సెట్టింగుకే సుమా. ట్రెబుల్ నాబ్ కాస్త తిప్పినా మళ్ళీ కొత్త క్యాప్చర్ తీసుకోవాల్సిందే.

ఇంత శ్రమ దేనికంటే, పోల్చాల్సింది అదే యాంప్‌తో కాబట్టి. మనం చూసే పోలికల్లో ఒక పక్క నిజం యాంప్, దాని స్పీకరు, దాని మైకు. ఇంకో పక్క మోడలర్లో దాదాపు అదే పేరున్న ప్రీసెట్, ఎవరో తీసిన వేరే క్యాబినెట్ ఐఆర్ (స్పీకరు పెట్టె, మైకు కలిసి ఇచ్చే శబ్దానికి నకలు ఫైలు). స్పీకరూ మైకూ మారాక ఇంక పోలికేముంది? దోసకాయ పప్పునూ మామిడికాయ పప్పునూ పక్కపక్కన పెట్టి, కుక్కర్లలో ఏది మంచిదో తేల్చమన్నట్టుంటుంది.

వాయించడం కూడా ఒక్కసారే. గిటార్ నుంచి యాంప్ లేకుండా నేరుగా తీసిన ఆ డిఐ రికార్డింగునే రీయాంప్ బాక్సులోంచి (రికార్డింగును మళ్ళీ గిటార్ సిగ్నల్‌లా మార్చే పెట్టె) యాంప్‌కీ, అదే ఫైలును క్యాప్చర్‌కీ ఇచ్చాం. వచ్చిన రెండింట్లో ఏది యాంపో చెప్పడమే పరీక్ష. మొదటి రౌండులో మా తమ్ముడు 10కి 10 కొట్టాడు. నాకైతే పట్టరాని ఆనందం, ట్యూబ్ అంటే ట్యూబే అని. బావ మాత్రం వాడి మొహమే చూస్తున్నాడు. ఇంకా మొదటి కార్డు (కలిపి మీటే స్వరాలు) మోగకముందే కాగితం మీద రాసేస్తున్నాడు వాడు! నిలదీస్తే నవ్వేశాడు: "అన్నా, ఒకదాంట్లో మొదట సన్నగా హమ్ వస్తోంది, అదే యాంపు."

అదీ సంగతి. మన కరెంటు 50 హెర్ట్జ్ మోత యాంప్‌లోంచి మైకులోకి వస్తోంది, క్యాప్చర్‌లో అది లేదు. ఫైళ్ళ మొదట్లో ఖాళీ కత్తిరించేసి, నేరుగా కార్డుతోనే మొదలయ్యేలా చేశాం. ఈసారి 16 సార్లు. 10 చాలవా అంటే, గుడ్డిగా చెప్పినా దాదాపు ఆరు ప్రయత్నాల్లో ఒకసారి 10కి 7 గానీ ఆపైన గానీ వచ్చేస్తాయి. 16లో 12 గానీ ఆపైన గానీ అలా అదృష్టం కొద్దీ రావడం 4 శాతం లోపే. తమ్ముడికి 9 వచ్చాయి. నాకు 7. ఆరేళ్ళుగా వాయిస్తున్న నా సొంత యాంపు!

ఆ తర్వాత బావ చేసిన పనికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. "ఇంకో రెండు ఫైళ్ళు విను" అన్నాడు. రెండోది వినగానే ఇదే ట్యూబ్, కింద లో మిడ్స్ ఎంత వార్మ్‌గా ఉన్నాయో చూడు అని ఉపన్యాసం దంచాను. "ఏరా, రెండూ ఒకటే క్యాప్చర్ ఫైలు. రెండోది 1 డెసిబెల్ పెంచానంతే" అన్నాడు. అంత చిన్న తేడా వాల్యూములా వినపడదు, నాణ్యతలా వినపడుతుంది. అప్పట్నుంచి లౌడ్‌నెస్ మీటరు పెట్టి సమానం చేయని పోలిక ఎవరు చూపించినా నేను వినను.

వినడం సరే, వాయిస్తే చేతికి తెలుస్తుందంటారు కదా. రెండో ఆదివారం అదీ చూశాం. యాంప్ పక్క గదిలో, నేను హెడ్‌ఫోన్స్‌లో, నా వీపు వెనక బావ మారుస్తున్నాడు. హమ్ దొరక్కుండా రెండింటికీ నాయిస్ గేటు (వాయించనప్పుడు శబ్దాన్ని ఆపేసేది). మొదట అన్నీ కరెక్టుగా చెప్పాను. తీరా చూస్తే కంప్యూటర్లో బఫర్ (శబ్దాన్ని ఒక్కో విడతలో ఎంత పోగుచేసుకోవాలో చెప్పే సెట్టింగు) 256 శాంపిల్స్ మీద ఉంది. 48 కిలోహెర్ట్జ్ దగ్గర పోనూ రానూ ఆలస్యం 10 మిల్లీసెకన్లు దాటుతుంది. నేను పట్టుకున్నది ఆ ఆలస్యాన్ని. 64కి దించాక నా జవాబులు మళ్ళీ బొమ్మా బొరుసే.

ఇక అమ్మే సంగతి. యాంప్ ఎదురుగా నిలబడి వాయిస్తే ఛాతీకి తగిలే ఆ ఊపు హెడ్‌ఫోన్స్‌లో రాదు, నిజమే. కానీ నా బ్లూస్ జూనియర్‌కే మైకు పెట్టి అవే హెడ్‌ఫోన్స్‌లో విన్నా రాలేదు. అది మైకుకీ గదికీ మధ్య తేడా, ట్యూబుకీ డిజిటల్‌కీ మధ్య కాదు. మీరు సంగీత్ ఫంక్షన్లలో నేరుగా పీఏలోకి (హాలు సౌండ్ సిస్టమ్) వాయించేవారైతే మోడలర్‌తో పోయేదేమీ లేదు, పైగా మెట్ల మీద మోసే బరువు తగ్గుతుంది. నేను ప్రోగ్రాములకు అదే పట్టుకెళ్తున్నాను. ఇంట్లో ఒక్కరే గదిలో వాయించుకుని మురిసిపోయే రకమైతే యాంప్ ఉంచుకోండి, నేనూ అమ్మలేదు. కిందింటి వాళ్ళు ఊరెళ్ళినప్పుడు ఆన్ చేస్తాను.

అమ్మేముందు ఒక్కసారి మీ యాంప్‌తో మీరే చేసి చూడండి. ఫూబార్ 2000 అనే మ్యూజిక్ ప్లేయర్‌లో ఏబీఎక్స్ ప్లగిన్ ఉచితమే, ఏది ఏదో దాచిపెట్టి లెక్క అదే వేస్తుంది. ఫైళ్ళ మొదలు కత్తిరించడం మాత్రం మర్చిపోకండి.