దూకుడా, దురుసా? ప్రతి శిక్షా ‘వేటే’నా?

సందేహం: అమెరికా నాస్కార్ కారు రేసుల వార్తల్లో ‘దూకుడు డ్రైవర్‌పై వేటు’ అని రాస్తున్నారు. డబ్బు కట్టించినా వేటే, రేసు ఆపినా వేటే. పైగా ‘శిక్షల్లో స్థిరత్వం లేదు’ అంటున్నారు. ఈ ప్రయోగాలు సరైనవేనా?

సమాధానం: మూడూ మంచి మాటలే, పెట్టిన చోటే సరికాదు.

దూకు నుంచి వచ్చింది దూకుడు. ‘సెహ్వాగ్ దూకుడుగా ఆడాడు’ అంటే మెచ్చుకోలే. నాస్కార్ లాంటి స్టాక్ కారు (చూడటానికి మామూలు కార్లలా ఉండే రేసు బండ్ల) రేసుల్లో ముందు బండి బంపరును వెనక నుంచి కాస్త నెట్టి దారి చేసుకోవడం మామూలు. అది దూకుడు, దానికి సాధారణంగా శిక్ష ఉండదు. ముందు బండి కుడి వెనక మూలను తన బండి ఎడమ ముందు మూలతో కొడితే మాత్రం అది గిర్రున కుడికి తిరిగి, ముక్కుతో బయటి గోడను గుద్దుకుంటుంది. దీన్ని దురుసు అనాలి.

ఇక్కడ క్రియ ఇంకా ముఖ్యం. ‘కారు తగిలింది’ అంటే ఎవరి తప్పూ చెప్పలేదు. ‘తగిలించాడు’ అంటే నేరం మోపినట్టే. బండి మాట వినలేదని డ్రైవర్ అంటాడు. స్టీరింగు, బ్రేకు, యాక్సిలరేటర్ రికార్డులు చూసి అధికారులు తేల్చేది సరిగ్గా ‘తగిలించు’లోని ఈ ‘ఇంచు’నే, అంటే కావాలని చేశాడా అన్నదే. వాళ్లు తేల్చకముందే మనం రాసేస్తే తీర్పు మనమే ఇచ్చినట్టు.

ఇక వేటు. అసలు అర్థం దెబ్బ, నరుకు. పత్రికల్లో పదవి పోవడానికి స్థిరపడింది. 2012లో ఫీనిక్స్‌లో క్లింట్ బోయర్ కారును గుద్దిన జెఫ్ గోర్డన్‌కు లక్ష డాలర్ల జరిమానా, సీజను పట్టికలో 25 పాయింట్ల కోత. 2015లో మార్టిన్స్‌విల్‌లో జోయీ లొగానో కారును గుద్దిన మ్యాట్ కెన్సెత్‌కు రెండు రేసుల నిషేధం. 2022లో బబ్బా వాలెస్‌కు, 2023లో చేజ్ ఎలియట్‌కు ఒక్కో రేసు నిషేధం. 2025 మార్చిలో ఆస్టిన్ సిండ్రిక్‌కు 50 పాయింట్ల కోత, 50 వేల డాలర్ల జరిమానా, నిషేధం లేదు. అతను గుద్దింది మెలికల రోడ్డు ట్రాకు మీద, అక్కడ వేగం తక్కువ, పసుపు జెండా (ప్రమాదం జరిగితే అందరినీ నెమ్మదించమనే సంకేతం) పడలేదన్నది రేసులు నడిపే నాస్కార్ సంస్థ చెప్పిన కారణం. నాకది ఒప్పదు: శిక్ష చేసిన పనికి పడాలి, గుద్దిన చోటును బట్టి కాదు. కానీ అన్నిటికీ ‘వేటు’ అని రాస్తే ఈ వాదనకే చోటుండదు, తేడా పాఠకుడికి కనిపించదు కనుక. జరిమానా, పాయింట్ల కోత, ఇన్ని రేసుల నిషేధం అని విడివిడిగా రాయండి. ఒట్టి ‘నిషేధం’ అంటే శాశ్వతమనుకుంటారు. (పల్లెల్లో జరిమానాను దండుగ అనేవారు. ఇప్పుడది వృథా అనే అర్థంలోకి జారింది, రేసు వార్తకు పనికిరాదు.)

‘స్థిరత్వం లేదు’ అంటే అధికారుల మనసు నిలకడగా లేదన్నట్టుంది. మీరు అడిగేది ఆ సంగతి కాదు. ‘ఒకరికో న్యాయం, ఇంకొకరికో న్యాయం’ అనండి, సరిపోతుంది.