పాతికేళ్ల పెళ్లిరోజుకు కోస్తా ప్రయాణం: లక్షన్నర అప్పు అవసరమా?

ప్రశ్న: మాది హైదరాబాద్, కూకట్‌పల్లి. నేను ఒక ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలిని, మా వారు ఒక మందుల కంపెనీలో పనిచేస్తారు. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 1,12,000 రూపాయలు చేతికి వస్తాయి. ఇంటి రుణం వాయిదా 31,000, ఇంటి ఖర్చు 42,000, ఇంజనీరింగ్ చదువుతున్న అమ్మాయి హాస్టల్‌కు 12,000, సిప్‌లకు (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టే పెట్టుబడి) 10,000 పోతాయి. బ్యాంకులో 3 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, పొదుపు ఖాతాలో 45,000 ఉన్నాయి. ఈ అక్టోబరుకు మా పెళ్లయి పాతికేళ్లు. దసరా సెలవుల్లో మేమిద్దరమే కారులో విజయవాడ, బందరు, కాకినాడ, విశాఖ, శ్రీకాకుళం పన్నెండు రోజులు తిరిగి రావాలనుకుంటున్నాం. బందరులో చిన్నత్తగారు, కాకినాడలో మా అన్నయ్య, విశాఖలో ఆడపడుచు, శ్రీకాకుళంలో మా వారి బాబాయి గారు ఉన్నారు. ఉప్పాడ చీరలతో కలిపి లక్షన్నర అవుతుందని లెక్క వేశాం. బ్యాంకువారు 14 శాతం వడ్డీకి వ్యక్తిగత రుణం ఇస్తామంటున్నారు. అది తీసుకోవాలా, డిపాజిట్ తీయాలా, క్రెడిట్ కార్డు వాడాలా? ఇంకొక మాట. బాబాయి గారి అబ్బాయి చీటీ పాడుకుంటున్నాడట, మా వారిని ష్యూరిటీ సంతకం అడుగుతున్నాడు. వాళ్లింటికి వెళ్లాక కాదనలేమేమోనని భయంగా ఉంది.

జవాబు: పాతికేళ్ల సంసారం తర్వాత ఇద్దరే కలిసి అయినవాళ్ల గడపలన్నీ చూసి రావాలనుకోవడం చాలా మంచి ఆలోచన. ఖర్చుకు భయపడి మానుకోవద్దు. అయితే మీరు అడిగిన మూడు దారుల్లో ఏదీ మీకు అవసరం లేదు. ఉత్తరం జూన్‌లోనే రాశారు కాబట్టి చేతిలో నాలుగు నెలల సమయం ఉంది, మీ ఆదాయానికి అది చాలు.

ముందు అప్పు సంగతి చూద్దాం. లక్షన్నర రూపాయలను 14 శాతం వడ్డీకి రెండేళ్ల గడువుతో తీసుకుంటే నెలకు సుమారు 7,200 చొప్పున కట్టాలి, మొత్తం మీద వడ్డీయే దాదాపు 22,850 అవుతుంది. ప్రాసెసింగ్ రుసుము 2 శాతమైతే దానిమీద జీఎస్టీతో కలిపి మరో 3,540 రూపాయలు ముందే పట్టుకుంటారు. అంటే అప్పు కోసమే 26,000 పైచిలుకు ఇచ్చుకోవాలి. మీ ప్రయాణమంతటికీ అయ్యే పెట్రోలు, టోలు రెండూ కలిపినా అంత కావు. క్రెడిట్ కార్డు బాకీ మిగిలిపోతే నెలకు మూడు శాతానికి పైగా వడ్డీ పడే కార్డులే ఎక్కువ కాబట్టి దాని మాటే వద్దు. ఇక డిపాజిట్ విషయానికి వస్తే, మీ నెలవారీ బాధ్యతలు 95,000 ఉన్నప్పుడు ఆ 3 లక్షలు మూడు నెలల ఖర్చుకు కాస్త ఎక్కువ, అంతే. ఇద్దరూ ప్రైవేటు ఉద్యోగులైన ఇంట్లో అది ఉండవలసిన దానికంటే తక్కువే, అందుకని దాన్ని కదపవద్దు.

ఇప్పుడు ఖర్చు లెక్క. హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 275 కిలోమీటర్లు, అక్కడి నుంచి బందరు 70. బందరు నుంచి నర్సాపురం, అమలాపురం మీదుగా 216వ నంబరు జాతీయ రహదారిలో కాకినాడ దాదాపు 200, కాకినాడ నుంచి విశాఖ 155, విశాఖ నుంచి శ్రీకాకుళం 110. తిరుగు ప్రయాణం 730 వరకు ఉంటుంది. ఊళ్లలో తిరగడానికి మరో నాలుగైదు వందలు కలుపుకుంటే మొత్తం 2,000 కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే బండికి 133 లీటర్లు పడుతుంది. లీటరు 110 రూపాయలని వేసుకుంటే 15,000 లోపే సరిపోతుంది.

టోలు, పార్కింగ్‌లకు 3,000 పెట్టుకోండి. ఫాస్టాగ్ వార్షిక పాసు గురించి మీ వారు ఆలోచిస్తుండవచ్చు. 2025 ఆగస్టు 15న మొదలైనప్పుడు దాని ధర 3,000 రూపాయలు. సొంత కారుకు ఒక ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అంతవరకు పనిచేస్తుంది. ఇక్కడ ట్రిప్పు అంటే ఒక టోల్‌ప్లాజాను ఒకసారి దాటడం. విజయవాడ వెళ్లేటప్పుడు పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు దాటితేనే మూడు ట్రిప్పులు అయిపోయినట్లు. ఈ ఒక్క ప్రయాణం కోసమే అయితే పాసు కొనడం వల్ల పెద్దగా మిగిలేదేమీ లేదు. సంక్రాంతికో, శుభకార్యాలకో ఏడాదిలో మరో రెండుసార్లు ఆ దారిన వెళ్లేవారైతే తప్పక కొనండి. ఎలా వెళ్లినా ఫాస్టాగ్‌లో డబ్బు ఉండేటట్లు చూసుకోండి, ఎందుకంటే అది పనిచేయకపోతే యూపీఐతో కట్టినా ఒకటింబావు రెట్లు వసూలు చేస్తారు.

బస విషయంలో మీ పట్టికను కొంచెం మార్చమంటాను. మీరు మొదటి రాత్రి విజయవాడ హోటల్లో ఉండి అమ్మవారి దర్శనం చేసుకోవాలనుకున్నారు. దసరా నవరాత్రుల్లో ఇంద్రకీలాద్రి మీద ఎంత రద్దీ ఉంటుందో తెలియనిది కాదు, ఆ రోజుల్లో ఊళ్లో గదుల ధరలూ అలాగే ఉంటాయి. తెల్లవారుజామున బయలుదేరితే సాయంత్రానికి హాయిగా బందరు చేరిపోవచ్చు. పండుగ ముగిశాక తిరుగు ప్రయాణంలో విజయవాడలో ఆగండి. శ్రీకాకుళం నుంచి హైదరాబాద్‌కు మీ వారు ఒక్కరే ఒకే రోజున 730 కిలోమీటర్లు నడపడం మంచిది కాదు కాబట్టి అక్కడ ఒక రాత్రి ఆగడం ఎలాగూ అవసరమే, దర్శనమూ నిదానంగా అవుతుంది.

విశాఖలో ఆడపడుచు గారిది రెండు పడకగదుల ఇల్లని, ఆమె అత్తగారు మంచాన ఉన్నారని రాస్తూ, హోటల్లో దిగితే వాళ్లు నొచ్చుకుంటారేమోనని సందేహించారు. మొదటి రెండు రాత్రులు వాళ్లింట్లోనే ఉండండి, తర్వాతి రెండు రాత్రులూ పెళ్లిరోజు కోసం గది తీసుకున్నామని ఇప్పుడే ఫోన్‌లో చెప్పండి. నాలుగు నెలల ముందు చెప్పిన మాట ఎవరినీ నొప్పించదు, గుమ్మంలో సూట్‌కేసు పట్టుకుని చెబితేనే నొప్పిస్తుంది. ఈ రెండు రాత్రులకూ, విజయవాడలో ఒక రాత్రికీ కలిపి 12,000 చాలు.

హోటల్ తీసుకునేటప్పుడు వంద, రెండు వందలు ఎక్కువైనా రద్దు చేస్తే డబ్బు వెనక్కి వచ్చే గదినే తీసుకోండి. మన కోస్తాకు అక్టోబరు తుపానుల నెల. 2014లో హుద్‌హుద్ విశాఖను తాకింది అక్టోబరు 12న, 2018లో తిత్లీ శ్రీకాకుళం జిల్లాను ముంచింది అక్టోబరు 11న, 2025లో మొంథా తీరం దాటింది అక్టోబరు 28 రాత్రి. ఈ కారణంగానే మీ కారు బీమా కాగితాన్ని ఒకసారి తీసి చూడండి. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే తుపానులో చెట్టు పడినా, వరదలో బండి మునిగినా పైసా రాదు, సమగ్ర పాలసీ ఉండాలి. అది ఉన్నా, నీళ్లలో ఆగిపోయిన బండిని మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు ఇంజన్‌కు జరిగే నష్టం మామూలు పాలసీలో సాధారణంగా కలవదు, దానికి ఇంజన్ రక్షణ అనే అదనపు కవరు తీసుకోవాలి. బండి సర్వీసింగ్, టైర్ల పరీక్ష, కాలుష్య ధ్రువపత్రం వగైరాలకు 6,000, దారిలో భోజనాలకూ టికెట్లకూ 12,000, అనుకోని ఖర్చుకు 10,000 పక్కన పెట్టండి.

ఇంతవరకు చెప్పినవన్నీ ఎవరైనా వేయగల లెక్కలు. మీ జాబితాలో నన్ను ఆపేసిన పద్దు వేరొకటి ఉంది: ‘బంధువులకు: 10,000’. చుట్టాల ఇళ్లలో ఉంటాం కాబట్టి తిండికీ బసకూ ఖర్చు తగ్గుతుందని మీరు అనుకున్నారు. తగ్గుతుంది, నిజమే. కానీ మన ఇళ్లలో నాలుగు రోజులు ఉండి, తిని, వట్టి చేతులతో ఎవరమూ బయటికి రాము, రాకూడదు కూడా. పెట్టుపోతలకు పదివేలు అనుకున్నవాళ్లు పాతికవేలు పెట్టి వచ్చిన లెక్కలు నేను చాలా చూశాను.

కొన్నేళ్ల కిందట మేము మా పిన్ని గారి ఊరికి వెళ్లినప్పుడు నలుగురు మనవలకని నాలుగు కవర్లలో ఐదేసి వందలు పెట్టి తీసుకెళ్లాం. బయలుదేరే వేళకు వరండాలో ఏడుగురు పిల్లలు నిలబడి ఉన్నారు, ముందు రోజు రాత్రే పిన్ని గారి రెండో కూతురు పిల్లలతో వచ్చింది. నా భార్య వంటింట్లోకి వెళ్లి, పసుపు డబ్బా పక్కన ఆ కవర్లు విప్పి, తన బ్యాగులోని వందనోట్లన్నీ కలిపి మళ్లీ పంచింది. చివరి పిల్లాడి చేతిలోకి మూడు వందలే వెళ్లాయి. వాడు ఏమీ అనలేదు కానీ అన్నయ్య చేతిలోని నోటు వంక చూశాడు. ఆ చూపు నాకింకా గుర్తుంది. అప్పటి నుంచి ఇలాంటి ప్రయాణానికి సలహా అడిగినవారందరికీ మొదట ఈ పద్దే రాయమని చెబుతున్నాను.

మీరు ఇంటికి 8,000 చొప్పున నాలుగు ఇళ్లకు 32,000 పెట్టుకోండి. ఈ మొత్తం నాలుగు ఇళ్లకూ సమానంగా ఉండాలని నా గట్టి అభిప్రాయం. మీ అన్నయ్య గారికి ఎంతో, ఆడపడుచు గారికీ అంతే అని ఇంట్లో కూర్చుని ఇద్దరూ ఇప్పుడే ఒప్పుకుంటే, కాకినాడలో చీర కొంటున్నప్పుడు మీ మధ్య మాట రాదు. ఇంటికొక కవరు రాసుకోండి, అందులో ఐదు వందల నోట్లతోపాటు వంద నోట్లు కూడా ఉంచండి, పిల్లలు ఎంతమంది వస్తున్నారో ముందే ఫోన్ చేసి తెలుసుకోండి. వాళ్లు మీకు బొట్టు పెట్టి ఇచ్చే చీరను గానీ, మీ వారికి ఇచ్చే బట్టలను గానీ ఈ లెక్కలో తీసివేతగా చూడవద్దు.

మిఠాయిలన్నీ హైదరాబాద్‌లోనే కొని మోసుకెళ్లవద్దు. బందరు నుంచి బయలుదేరేటప్పుడు తొక్కుడు లడ్డు కొంటే కాకినాడలో అన్నయ్య గారింటికి అవుతుంది, కాకినాడ కాజా విశాఖకూ శ్రీకాకుళానికీ అవుతుంది. పక్క ఊరి మిఠాయిని తాజాగా తీసుకెళ్లడంలో ఉన్న ఆప్యాయత మన నగరంలోని ఖరీదైన డబ్బాలో రాదు, ఖర్చూ తక్కువే.

ఉప్పాడ చీరల కోసం మీరు వేసుకున్న 40,000 మాత్రం ప్రయాణ ఖర్చు కాదు. చేనేత మీద మీ మక్కువ నాకు అర్థమవుతుంది, పాతికేళ్ల పెళ్లిరోజుకు మీరు ఒక జాందానీ కట్టుకోవాలి కూడా. ఒక్కటి కొనండి, అదీ అనుకోని ఖర్చుకు దాచిన 10,000లో కాకినాడ చేరేసరికి ఎంత మిగిలి ఉందో చూసుకుని, విశాఖ, శ్రీకాకుళాలకు కొంత వదిలి కొనండి. మిగతావి మరో ఏడాది.

ఇలా చూస్తే పెట్రోలు 15,000, టోలు 3,000, బండి 6,000, హోటళ్లు 12,000, భోజనాలు 12,000, పెట్టుపోతలు 32,000, అనుకోనివి 10,000 కలిపి మొత్తం 90,000. మీకు నెలకు 17,000 మిగులుతోంది. అందులో 15,000 చొప్పున జూన్ నుంచి సెప్టెంబరు వరకు, జీతం పడిన రోజునే వేరొక పొదుపు ఖాతాలోకి వెళ్లేటట్లు బ్యాంకులో ఏర్పాటు చేసుకుంటే 60,000 అవుతుంది. తక్కిన 30,000 మీ పొదుపు ఖాతాలోని 45,000 నుంచి తీసుకోండి. నాలుగు నెలల డబ్బుకు వడ్డీ ఎంత అని వెతకవద్దు, షేర్ల ఫండ్లలో అసలు పెట్టవద్దు. సిప్‌లు ఆపనవసరం లేదు.

మీ వారి జీతంలో ఎల్‌టీఏ (సెలవు ప్రయాణ భత్యం) ఉంటే, ఆయన పాత పన్ను విధానంలో ఉన్నప్పుడే దానికి మినహాయింపు వస్తుంది. అదీ ప్రయాణ ఛార్జీలకే, హోటళ్లకూ భోజనాలకూ కాదు. సొంత కారుకు ఏ ఆధారాలు కావాలో ఆఫీసులో ముందే కనుక్కోండి.

ఇక ష్యూరిటీ సంతకం. మీ ఉత్తరంలో డబ్బు పరంగా అన్నిటికంటే పెద్ద విషయం ఇదే, మీరు దాన్ని చివరి రెండు వాక్యాల్లో రాశారు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, హామీదారు బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానం. చీటీ పాడుకుని డబ్బు తీసుకున్న మనిషి మిగిలిన వాయిదాలు కట్టకపోతే, కంపెనీ ముందు అతన్ని అడిగి తర్వాత మిమ్మల్ని అడగాలన్న నియమమేమీ లేదు, నేరుగా మీ వారినే అడగవచ్చు, కోర్టుకు వెళ్లి జీతంలో కొంత భాగాన్ని జప్తు చేయించవచ్చు. 31,000 ఇంటి వాయిదా ఉన్న ఇంట్లో ఆ ఒక్క సంతకం ఈ పన్నెండు రోజుల ప్రయాణం కంటే ఎన్నో రెట్లు ఖరీదు కాగలదు. అతను మంచివాడు కాదని నేను అనడం లేదు. ఎంత మంచివాడికైనా ఉద్యోగం పోవచ్చు, పంట పోవచ్చు.

కాబట్టి ఒక పరీక్ష పెట్టుకోండి. మిగిలిన వాయిదాల మొత్తాన్ని మీరే కట్టవలసి వస్తే కట్టగలరా? కట్టలేరనుకుంటే సంతకం చేయకండి. ఆ మాట మీ వారే, మీ నోట కాకుండా ఆయన నోటే, ఈ వారంలో ఫోన్ చేసి తమ్ముడికి చెప్పాలి: ‘ఇంటి రుణం తీరేదాకా ఎవరికీ ష్యూరిటీ ఉండకూడదని మేమిద్దరం అనుకున్నాం, ఇంకొకరిని చూసుకో, నీకు వ్యవధి ఉండాలనే ఇప్పుడే చెబుతున్నాను.’ నిజంగా సాయం చేయాలనిపిస్తే, తిరిగి రాకపోయినా మీ ఇల్లు కదలనంత చిన్న మొత్తాన్ని బ్యాంకు ద్వారా పంపండి. 20,000 లేదా అంతకు మించిన అప్పును నగదుగా పుచ్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, జరిమానా పుచ్చుకున్నవారి మీద పడుతుంది. బాబాయి గారికి కూడా అదే రోజున విడిగా ఫోన్ చేసి, అక్టోబరులో వస్తున్నామని చెప్పండి.